పదకొండు రోజుల రంగు

మూడోరోజు కూడా గుమ్మం ముందు నీళ్ళ సీసా పెట్టి వెళ్ళారు.

మొదటిరోజు ఎవరో మరిచిపోయారనుకున్నారు. రెండోరోజుకి అర్థమైంది. ఇవాళ్టి సీసాకి కాగితం కూడా అంటించారు. "మీరూ తాగండి" అని రాసుంది దాని మీద. వదిన ఆ సీసా ఎత్తుకెళ్ళి పెరటి కాలవలో వంచేసి, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని లోపలికొచ్చింది. అత్తగారికి చెప్పలేదు. అత్తగారు కిటికీలోంచి అంతా చూసింది.

ఇప్పుడు ఊరందరికీ ఆ ఇల్లు తెలుసు మరి. ఊరి మంచినీళ్ళని రోజూ పరీక్ష చేసి, బాగున్నాయనో బాగోలేవనో రిజిస్టర్లో రాసే మనిషి ఇల్లది. ఉత్తరపు ట్యాంకు నీళ్ళు తాగి నలభైమూడు మంది పిల్లలు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రిలో పడున్నారు. రిజిస్టర్లో చూస్తే ఆ ట్యాంకుకి ఈమధ్యదాకా "మందు సరిపడా ఉంది" అనే ఉంది, కింద ఆయన సంతకంతో. పరీక్ష చేయకుండా కూర్చున్నచోటే రాసిపారేశాడని కేసు పెట్టి, మొన్న పొద్దున పోలీసులు ఇంటికొచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు.

ఆయన లాప్‌టాప్ భోజనాల బల్ల మీద ఉంది. దాని మీద తువ్వాలు కప్పి ఉంది. పొద్దుటినుంచీ అత్తాకోడళ్ళు గొడవపడుతున్నది దాని గురించే.

అది లేవడం లేదు. మొన్న మధ్యాహ్నం వదిన ఒక్కసారి తెరిచి చూద్దామని బటన్ నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుంది. గంట తిరిగింది. ఆపి మళ్ళీ నొక్కింది. మళ్ళీ చక్రమే. ఆ మాట అత్తగారికి తెలిసిన దగ్గర్నుంచీ, మొగుడి ప్రాణం అందులో ఉందని తెలిసీ కెలికి చెడగొట్టావని సాధింపు. నేను చెడగొట్టలేదు, అది ముందే చెడిందని వదిన. చెడిందాన్ని ముట్టుకోవడం దేనికని ఆవిడ. ముట్టుకుంటే గానీ చెడిందని ఎలా తెలుస్తుందని ఈవిడ. రెండున్నరకి డాక్టరమ్మ చెప్పులు విప్పేసరికి ఇద్దరూ చెరో గదిలో ఉన్నారు. పొయ్యి మీద నీళ్ళు మాత్రం సలసలా కాగుతున్నాయి. ఆ ఇంట్లో కూడా ఇప్పుడు నీళ్ళు కాచే తాగుతున్నారు.

డాక్టరమ్మ అంటే ఆయన చెల్లెలు, వదినకి ఆడపడుచు. అందరూ డాక్టరమ్మ అంటారు గానీ ఆవిడ రోగులెవరికీ ప్రాణం ఉండదు. బస్టాండు దగ్గర చిన్న గదిలో కంప్యూటర్లు బాగుచేస్తుంది. నడుముకి తాళాలగుత్తి ఉంటుంది, కానీ ఆ గుత్తిలో ఒక్క తాళంచెవి లేదు. నాలుగు పెన్‌డ్రైవ్‌లు, నాలుగు రంగుల దారాలు. తెల్ల దారంది చచ్చిపడ్డ కంప్యూటర్ని లేపి లోపలున్నవి బయటికి తెచ్చుకోడానికి. నీలందారంది నాడి చూడటానికి, అంటే లోపల ఏ భాగం పాడైందో పట్టుకోడానికి. పసుపుది పాస్‌వర్డ్ మరిచిపోయి లబోదిబోమంటూ వచ్చేవాళ్ళకి. నాలుగోది నల్లదారం. పాత కంప్యూటర్ అమ్ముకునేవాళ్ళు అడిగితే అందులో ఉన్నదంతా తుడిచేయడానికి. దాన్ని తగిలించి ఒక్కసారి సరేనంటే ఇక దేవుడు దిగొచ్చినా ఏదీ తిరిగిరాదు. అందుకే దాని దారానికి మూడు ముళ్ళు వేసుకుంది, చీకట్లో తడిమినా తెలియాలని.

"నాలుగింటికి వకీలుగారు వస్తారు," అంది వదిన లోపల్నుంచి వస్తూ. "విచారణవాళ్ళ మనిషిని వెంటబెట్టుకొస్తారట. మిషన్ మన ముందే సీలు వేసి పట్టుకెళ్తారు. ఈలోగా అందులో ఫొటోలు ఉన్నాయో లేవో చూసి చెప్పమన్నారు. రేపు పదకొండింటికి విచారణ."

ఆ ఫొటోల వెనక ఉన్నది ఆ ఇంటి గుట్టు. నిన్న వకీలుగారికి చెప్పేదాకా, బయటికి పొక్కకుండా పంతొమ్మిదేళ్ళు కాపాడుకొచ్చారు.

అన్నయ్యకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు. లేత గులాబీ అయితే అసలు కనబడనే కనబడదు. ఉద్యోగంలో చేరేటప్పుడు కంటి పరీక్ష పుస్తకంలో ఏ పేజీలో ఏ అంకె ఉంటుందో తల్లి దగ్గరుండి బట్టీ పట్టించింది. అప్పుడు ఆఫీసులో మీటరు ఉండేది, నీళ్ళు పోస్తే అంకె చూపించేది. రంగుతో పనిలేదు, గుట్టుతో బాధలేదు. కిందటేడు మీటరు పాడైంది. కొత్తది వస్తుంది వస్తుందని అంటూ ఉన్నారు. అప్పట్నుంచీ పాత పద్ధతే. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి బిళ్ళ వేస్తే, నీళ్ళలో క్లోరిన్ మందు ఉంటే గులాబీ రంగుకి తిరుగుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే పరీక్ష. ఆయన చెప్పలేడు.

అందుకని రోజూ గొట్టాన్ని తెల్లకాగితం ముందు నిలబెట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెళ్ళానికి పంపేవాడు. వదిన దగ్గర రంగుల కార్డు ఒకటుంది. దాన్ని ఫోన్ పక్కన పెట్టుకుని చూసి ఏ రంగో చెప్పేది. ఆయన రిజిస్టర్లో రాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అసలు ఫొటోల్ని ఫోన్లోంచి తీసేసి తేదీలవారీగా లాప్‌టాప్‌లో పెట్టుకునేవాడు.

మధ్యలో పదకొండు రోజులు వదిన ఊళ్ళో లేదు. వాళ్ళమ్మకి ఆపరేషనైతే వెళ్ళింది. ఆ పదకొండు రోజులూ ఫొటోలు చెల్లెలికి వెళ్ళాయి.

డాక్టరమ్మ ధైర్యమంతా అదే. నిన్న వకీలుగారి ముందు బల్లగుద్ది మరీ చెప్పింది, పదకొండు రోజులూ నా కళ్ళతో నేను చూశాను, అన్నీ గులాబీయే, ట్యాంకులో మందు లేకపోవడమన్నది వదిన వచ్చిన రోజున ఒక్కటే, అది కూడా మా అన్నయ్యే పట్టుకున్నాడు అని. నీళ్ళు చెడితే ఊరి పైపుల్లో ఎక్కడో చెడి ఉండాలి, ఆ పాపం పైపులు చూసేవాళ్ళది. వకీలుగారు తలూపాడు. కానీ ఫోన్లో పంపిన ఫొటో చెల్లదన్నాడు. పంపినప్పుడు అది నలిగిపోతుంది, ఏ రోజు ఏ గంటకి తీశారన్నది పోతుంది. అసలువి కావాలి. అవి ఉన్నది ఈ తువ్వాలు కింద.

డాక్టరమ్మ తువ్వాలు తీసి మడతపెట్టింది. తల్లి కూడా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పగలగొడతావా ఏమిటే?" అనడిగింది.

"ఏదీ పగలగొట్టనమ్మా. లోపలున్నవాడు లేవడం లేదు. అందుకని నా మనిషిని నేను తెచ్చుకున్నాను." తెల్లదారం ఊడదీసి చూపించింది. "వీడు తలుపు తీస్తాడు. లోపల తిరిగి చూస్తాడు. దేన్నీ కదపడు, దేనిమీదా వేలు పెట్టడు. పని కాగానే నాతోపాటు వచ్చేస్తాడు."

"మనం చూసినట్టు దానికి తెలుస్తుందా?"

"తెలీదు."

"అసలుకే తెలీదా?"

"తెలీదమ్మా. చదవడమే గానీ రాయడం లేకుండా తెరుస్తాను. వకీలుగారు కూడా అలాగే చేయమన్నారు. లేకపోతే మనమే ఫొటోలు కొత్తగా పెట్టామంటారు రేపు."

పెన్‌డ్రైవ్ తగిలించి బటన్ నొక్కింది. రెండు మీటలు నొక్కిపట్టి, వచ్చిన జాబితాలో రెండోదాన్ని ఎంచుకుంది. చక్రం రాలేదు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పాకాయి. తర్వాత ఖాళీ నీలిరంగు తెర వచ్చి నిలబడింది. అన్నయ్య పెట్టుకున్న కూతురి ఫొటో లేదు, ఆయన సర్దుకున్నవేవీ లేవు. ఎవరూ కాపురం పెట్టని ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇది ఆయనది కాదే," అంది వదిన గాబరాగా.

"మిషన్ ఆయనదే వదినా. నడిపేది నాది." లోపలి డిస్కు కనిపించింది. డాక్టరమ్మ ఊపిరి వదిలింది. "డిస్కు బతికే ఉంది. నువ్వేమీ చెడగొట్టలేదు. లేచే దారి ఒక్కటే పాడైంది."

వదిన అత్తగారివైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేనంతగా వినబడింది ఆ మాట. పెద్దావిడ కొంచెం దగ్గి, టీ పెట్టమంటావా అని కోడల్ని అడిగింది. పొద్దుటినుంచీ ఆవిడ కోడలితో మామూలుగా మాట్లాడిన మాట అదొక్కటే.

ఫొటోలు ఉన్నాయి. నెలకో ఫోల్డరు, ట్యాంకుకో ఫోల్డరు. అన్నయ్యది మొదట్నుంచీ అంతే, సాక్సులు కూడా వారాలవారీగా సర్దుకునే మనిషి. ప్రతి ఫొటోకీ తేదీ, పక్కన రంగు, ఆ రంగు ఎవరు చెప్పారో కూడా రాసిపెట్టుకున్నాడు. "గులాబీ – ఆవిడ", "లేత గులాబీ – ఆవిడ", మళ్ళీ "గులాబీ – ఆవిడ". డాక్టరమ్మ ఒకదాన్ని తెరిచింది. గొట్టం నిండా చక్కటి గులాబీరంగు నీళ్ళు.

"ఇదిగో," అంది. ఆవిడ గొంతులో మొన్నటినుంచీ మొదటిసారి నవ్వు పలికింది. "ఇవే. ఇవి చూపిస్తే చాలు."

కిందికి జరిపింది. "గులాబీ – చెల్లి" అన్నవి మొదలయ్యాయి. మొదటిరోజుది గులాబీ. రెండోరోజుది గులాబీ. మూడోది తెరిచింది.

గొట్టంలో నీళ్ళు తెల్లగా ఉన్నాయి.

వేరేది నొక్కి ఉంటానని మూసి మళ్ళీ తెరిచింది. అదే. నాలుగోది తెరిచింది. అయిదోది. ఆరోది. గొట్టం వెనకాల కాగితం మీది గీతలు కూడా నీళ్ళలోంచి కనబడుతున్నాయి. ఫొటో కింద మాత్రం అన్నయ్య రాసుకున్న మాట చెక్కుచెదరకుండా ఉంది: "గులాబీ – చెల్లి."

"అదేమిటి, తెల్లగా ఉన్నాయే?" అంది వదిన. టీ కప్పు బల్ల మీద పెట్టబోయి చేతిలోనే ఉంచుకుంది.

"ఇప్పుడు దీన్ని నడిపేది నా పెన్‌డ్రైవ్ కదా. రంగులు సరిగ్గా చూపించదేమో," అంది డాక్టరమ్మ. అందే గానీ, ఆ మాట తనే నమ్మలేదు. ఫొటో మూలన ఆఫీసు గోడకి నిప్పు బకెట్టు వేలాడుతోంది. అది ఎర్రగా, నిక్షేపంలా ఉంది. రెండోరోజు గొట్టం గులాబీగానే ఉంది. రంగులు చూపించడం రాని తెరయితే అవెలా చూపించింది?

ఫోన్ తీసింది. అన్నయ్య పంపినవన్నీ ఇంకా ఉన్నాయి. మూడోరోజు ఫొటో తెరిచి లాప్‌టాప్ తెర పక్కన పెట్టింది. ఫోన్లో నీళ్ళు లేత గులాబీ. తెర మీద నీళ్ళు తెలుపు. ఒకే గొట్టం, ఒకే కాగితం, ఒకే బకెట్టు. కాకపోతే ఫోన్లో ఆ తెల్లకాగితం కూడా తెల్లగా లేదు. కొంచెం ఎర్రబారి ఉంది. ఆ సంగతి ఆవిడ ఇన్నాళ్ళూ గమనించనేలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.

షాపులో పొద్దస్తమానం తెరలవైపే చూస్తే తలనొప్పి వస్తోందని, కిందటేడు ఫోన్లో కళ్ళకి హాయిగా ఉండే రంగు పెట్టుకుంది. తెల్లటి వెలుగుని కాస్త ఎర్రగా మార్చి చూపించే ఏర్పాటు అది. రాత్రిళ్ళు పెట్టుకుని పొద్దున తీసేయాలి. ఆవిడ తీయలేదు. అలవాటైపోయింది. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ కళ్ళు కాపాడుకోండంటూ తనే దగ్గరుండి పెట్టించేది కూడాను. ఊళ్ళో సగం ఫోన్లలో ఉన్న ఆ రంగు ఆవిడ చేతి చలవే.

పైనుంచి వేలితో లాగి, ఆ గుర్తు మీద ఒక్కసారి నొక్కింది. ఫోన్ తెర తెల్లబడింది. దాంతోపాటు గొట్టంలో నీళ్ళూ తెల్లబడ్డాయి.

కంప్యూటర్ పిచ్చిగా ప్రవర్తిస్తోందని ఎవరైనా తెస్తే, ఆవిడ చేసే మొదటి పని తెల్లదారం తగిలించడమే. నా దాంతో బాగా నడిచిందంటే మిషన్‌లో జబ్బు లేదు, మీరు అందులో పెట్టుకున్నదాంట్లో ఉంది జబ్బు అని చెప్పి పంపుతుంది. ఎన్నివందలమందికి చెప్పిందో. ఇవాళ అది తనకే వచ్చి చుట్టుకుంది. జబ్బు ఊరి పైపుల్లో లేదు, ఆఫీసులో లేదు, ఆఖరికి అన్నయ్య కంట్లో కూడా లేదు.

వదిన టీ కప్పు కింద పెట్టింది. చాలా నెమ్మదిగా అడిగింది. "కార్డు పక్కన పెట్టుకుని చూశావా?"

డాక్టరమ్మ ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"నిన్నే. కార్డుంటే ఫోన్లో ఏ రంగున్నా తెలిసేది. దాంతో పోలిస్తే దొరికిపోయేది."

"పంపిస్తానన్నాడు అన్నయ్య. నేనే వద్దన్నాను. గులాబీ ఏదో నాకు తెలీదా అన్నాను."

అన్న మాట నిజమే. ఆ రోజు షాపులో ఊపిరాడని పని. ఒక చేత్తో మరమేకు తిప్పుతూ, ఇంకో చేత్తో ఫోన్ చూసి ఒక్క మాట కొట్టి పంపేది. ఒకరోజు కాదు, పదకొండు రోజులూ అంతే. చూడలేదని కాదు. చూసింది. కళ్ళారా చూసి, లేనిది ఉందని చెప్పింది. నలభైమూడు మంది పిల్లలు ఆ మాట మీద నీళ్ళు తాగారు.

గోడ గడియారం మూడుంబావు దాటింది. కాగిన నీళ్ళ గిన్నె మీద మూత కదులుతోంటే వదిన వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. వచ్చి కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

"నేను వచ్చిన రోజు రాత్రి ఆయన అడిగారు," అంది. "నువ్వు లేనప్పటివి కూడా ఒకసారి చూస్తావా అని. ప్రయాణం చేసొచ్చాను, ఒళ్ళు తూలిపోతోంది, రేపు చూస్తానన్నాను. సరేలే పడుకో అన్నారు. తెల్లారేసరికి వాళ్ళొచ్చారు." లాప్‌టాప్‌వైపు చూసింది. "అందుకే మొన్న తెరవబోయాను. ఆయనకి అనుమానం వచ్చే ఉంటుంది డాక్టరమ్మా. మూడు రోజులుగా లోపల కూర్చుని, వాళ్ళు ఎంత అడిగినా నీ పేరు ఎత్తలేదు."

డాక్టరమ్మకి ఏడుపు వచ్చింది. ఏడవడానికి మొహం చెల్లలేదు. ఆ తెరనే చూస్తూ కూర్చుంది.

పెద్దావిడకి కంప్యూటర్ తెలీదు గానీ కడుపున పుట్టినవాళ్ళ మొహాలు తెలుసు. కూతురి నడుముకున్న గుత్తివైపు చూసింది.

"నల్లదారంది ఉందిగా నీ దగ్గర," అంది.

వదిన తలెత్తి అత్తగారివైపు చూసింది.

"ఎటూ పాడైందే కదా ఈ మిషన్. లేవలేదంటే ఎవరు కాదంటారు? వాళ్ళు వచ్చేలోపు తుడిచెయ్యి."

"తుడిస్తే అన్నయ్య పరీక్ష చేశాడనడానికి కూడా ఏమీ మిగలదమ్మా. వాళ్ళు పెట్టిన కేసే అది, చేయకుండా రాశాడని. ఈ ఫొటోలుంటే రోజూ చేశాడని తెలుస్తుంది. రంగు చెప్పిన మనిషి తప్పు చెప్పిందని తెలుస్తుంది."

"వాడి కంటి సంగతి కూడా ఊరికి తెలుస్తుంది. నేను బట్టీ పట్టించానని తెలుస్తుంది. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. ఆ పైన నిన్నూ పట్టుకెళ్తారు."

"పట్టుకెళ్ళనీ."

"వాడు ఎలాగూ లోపలున్నాడు," అంది తల్లి. "నువ్వు కూడానా?"

ఆ మాట అనేశాక గానీ ఆవిడకి తెలియలేదు ఏమందో. వదిన గోడ దగ్గర్నుంచి కదిలి రెండడుగులు ముందుకొచ్చింది.

"అత్తయ్యా, నేనిక్కడే ఉన్నాను," అంది.

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. పెద్దావిడ తలొంచుకుని, మడతపెట్టిన తువ్వాలుని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. పన్నెండేళ్ళ కాపురంలో అత్తాకోడళ్ళు పడని పోట్లాట లేదు. ఉప్పు దగ్గర్నుంచి పిల్ల జడ దాకా పోట్లాడుకున్నారు. కానీ ఇప్పుడు ఊరుకున్నట్టుగా ఎన్నడూ ఊరుకోలేదు. తిట్టుకుని ఉంటే బాగుండేదనిపించింది డాక్టరమ్మకి.

తల్లే మళ్ళీ అందుకుంది. ఈసారి బతిమాలుతున్నట్టుగా. "పోనీ తుడవద్దు. తెరుచుకోలేదని చెప్పు. మనం చూసినట్టు దానికి తెలీదన్నావు కదా. రేపు వాళ్ళే తెరుచుకుని, వాళ్ళకి ఏది కనబడితే అది చూసుకుంటారు."

"దానికి తెలీదమ్మా. మనకి తెలుసు కదా."

నడుము దగ్గర చెయ్యి వేస్తే వేళ్ళకి మూడు ముళ్ళూ తగిలాయి. ఒక్క నిమిషం, నిజంగా ఒక్కటే నిమిషం, ఆ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. తుడవడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడకి తెలుసు. మొత్తం తుడవక్కర్లేదు, మొదట్లో కొంచెం తుడిచినా చాలునని కూడా తెలుసు. వదిన ఆ వేళ్ళవైపే చూస్తోంది. అడ్డం రాలేదు. వద్దనలేదు. చూస్తూ నిలబడింది, గొట్టం పక్కన కార్డు పెట్టుకుని చూసినట్టు.

డాక్టరమ్మ చెయ్యి తీసేసింది.

"వకీలుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్తాను," అంది. "నేనే చెప్తాను. నువ్వేమీ చెప్పకు వదినా."

చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలా అని మనసులో మాటలు పేర్చుకుంటూనే ఉంది, ఇంతలో బెల్లు మోగింది. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది. కంగారులో మిషన్ ఆపి తెల్లదారం లాగేసింది. తెర నల్లబడింది. లోపలికి వెళ్ళొచ్చిన జాడ కూడా మిగలకుండా, దాని మానాన అది పడుంది.

వకీలుగారు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాల విచారణవాళ్ళ గుమాస్తా, చేతిలో గోనెగుడ్డ సంచీ, లక్క, కాగితాలు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆసుపత్రి మీదుగా వచ్చానన్నాడు వకీలుగారు. గుమాస్తాకి వినబడకుండా గొంతు తగ్గించి, ఇద్దరు పిల్లల పరిస్థితి బాగోలేదట, అందులో ఒకళ్ళకి నాలుగేళ్ళేనట అన్నాడు. సాయంత్రం దాకా చూడాలన్నారట. ఊళ్ళో గాలి బాగోలేదు, రేపు మనకి ఆ ఫొటోలు తప్ప వేరే దిక్కు లేదు.

"తెరుచుకుందా అమ్మా?" అనడిగాడు.

"తెరుచుకుంది," అంది డాక్టరమ్మ.

"ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి. తేదీలతో సహా."

"పదకొండు రోజులవీ?"

"పదకొండు రోజులవీ ఉన్నాయి." వకీలుగారి కళ్ళలోకి చూసింది. "కానీ వకీలుగారూ, ఆ రంగు..."

"గులాబీయే బాబూ," అంది పెద్దావిడ.

కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అంది. కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా ఉంది. "పదకొండూ గులాబీయే. నేను పక్కనే కూర్చుని నా కళ్ళతో చూశాను. అదే చెప్పబోతోంది పిల్ల, సంతోషం పట్టలేక మాట రావడం లేదు."

వకీలుగారి మొహం విచ్చుకుంది. మూడు రోజులుగా ఆ మొహంలో కనబడని వెలుగు వచ్చింది. అలాగయితే ఇక భయం లేదన్నాడు. రేపు పదకొండింటికి వాళ్ళే సీలు తీసి, వాళ్ళ చేత్తోనే తెరిచి, ఆ ఫొటోలు అందరి ముందూ గోడ మీద పెద్దగా వేయించమంటానన్నాడు. పిల్లల తల్లిదండ్రులు కూడా వస్తున్నారట. వాళ్ళూ చూస్తారు. మా మనిషి ఏం చూశాడో, ఏం రాశాడో మీరే చూడండి అని నిలబడి అడుగుతానన్నాడు.

డాక్టరమ్మ నోరు తెరిచింది. భుజం మీద చెయ్యి ఇంకొంచెం బిగిసింది.

గుమాస్తా ఈ గొడవేమీ పట్టనట్టు తన పని తాను చేసుకుపోతున్నాడు. లాప్‌టాప్‌ని సంచీలో పెట్టి, మూతి కుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. కాలిన లక్క వాసన గదంతా పట్టింది. తర్వాత కాగితం తీసి బల్ల మీద పెట్టుకుని, వకీలుగారు చెబుతుంటే రాశాడు. మిషన్‌ని ఎవరు తెరిచారు, ఎన్నింటికి తెరిచారు, ఎలా తెరిచారు, ఏం కనబడింది. అంతా అయ్యాక కాగితాన్ని డాక్టరమ్మవైపు తిప్పి, కింద గీత మీద వేలు పెట్టి చూపించాడు. తెరిచిన మనిషి సంతకం అక్కడ.

ఆవిడ కాగితంవైపు చూసింది. గుండ్రటి అక్షరాలు. "ఫొటోలు పదకొండు. రంగు గులాబీ." సరిగ్గా ఇలాంటి గీత మీదే, ఇలాంటి మాట కిందే, అన్నయ్య రోజూ సంతకం పెట్టాడు. చెల్లెలి మాట నమ్మి పెట్టాడు.

గుమాస్తా పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. వకీలుగారు అప్పటికే గుమ్మంవైపు తిరిగాడు. తల్లి చెయ్యి భుజం మీదే ఉంది.

గోడ దగ్గర్నుంచి వదిన గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, ఏడుపు లేదు.

"ఈసారి సరిగ్గా చూసి చెప్పు డాక్టరమ్మా," అంది.